అస్తమించని నెలలో

సీటు బెల్టు పెట్టుకో ఐవిన్.
కిటికీలోంచి చూడాలని లేకపోతే మానెయ్,
ఈ కారులో ఎవరూ నిన్ను చూడమనరు.

వర్డోలో అందరూ చీకటినే తిడతారు.
నవంబరులో పోయిన సూర్యుడు
జనవరిలో నారింజ తొనంత కనిపిస్తే
బడికి సెలవు, ఇంటింటా తీపి బన్నులు.
మనిషి దిగాలుగా ఉంటే చాలు,
దీపం ముందు కూర్చో, చేపనూనె తాగు అంటారు.
నాకు చీకట్లో ఎప్పుడూ ఏమీ కాలేదు.
చీకట్లో అందరూ నాలాగే ఉంటారు కదా.

నాకు జూన్‌లో వచ్చేది.
రాత్రి రెండింటికి కూడా ఎండ
వంటింటి బల్ల దగ్గర కూర్చుని
ఇవాళ ఏం చేశావ్, ఏం చేశావ్ అని అడిగేది.
కిటికీలకు రేకు కాగితం అంటించాను. అంచుల్లోంచి అడిగేది.
బయట పిల్లలు అర్ధరాత్రి బంతాట,
పక్కింటి బోర్గిల్ కంచెకు రంగు వేస్తూ కూనిరాగం.
నేను ఒక్క చెంచా కడగడానికి
మధ్యాహ్నమంతా నిలబడేదాన్ని,
కొళాయి పోతూనే ఉండేది.

మొదటిసారి, మీ నాన్న పుట్టిన ఆరో వారం.
పాలిస్తూ గడియారం చూసేదాన్ని,
వాడి ముఖం తప్ప అన్నీ చూసేదాన్ని.
ఈ మాట వాడికి నలభై నిండాక చెప్పాను.
కాఫీ పోసుకున్నాడు. నిండిన కప్పులోనే ఇంకొంచెం పోశాడు.
"తెలుసమ్మా" అన్నాడు.
ఎలా తెలుసో నేనడగలేదు.

మా అమ్మ తూర్‌బ్యోర్గ్ కాలానికి ఈ దారి లేదు.
శాలువా కప్పి పడవెక్కించారు.
రేవులో జనం టోపీలు సర్దుకుంటూ అటు తిరిగారు.
నరాల జబ్బన్నాడు నాన్న.
ఆయనకు వలలో ముడులు తెలుసు, నరాలు తెలియవు.
మంచు కరిగాక తిరిగొచ్చింది, సగం మనిషై,
తన పేరు తనే ఎరువు తెచ్చుకున్నట్టు పలికేది.
ఆ శాలువాని ఇంట్లో ఎవరూ ముట్టలేదు.
నేను కప్పుకుంటాను. మంచి ఉన్ని.

నీకు పదకొండేళ్లు.
పక్షుల దీవి వైపు నువ్వు చూడ్డం మానేశావని
ముందు నేనే పసిగట్టాను.
ఆ మానేయడం నాకు తెలుసు, ఒక్కసారిగా జరగదు.
దుర్భిణి మెడలోంచి మేకు మీదికి వెళ్తుంది,
మేకు మీంచి పెట్టెలోకి,
పెట్టె మంచం కిందికి.
బడిలో బద్ధకమన్నారు. నువ్వు కడుపునొప్పన్నావు.
నీది అబద్ధం కాదు.
ఎక్కడ నొప్పి అంటే పిల్లలు కడుపు చూపిస్తారు,
మా ఈడువాళ్లం మోకాళ్లు చూపిస్తాం.

మారెత్ తొందరపెట్టే మనిషి కాదు.
ఆమె బల్ల మీద రెయిన్‌డీర్ కొమ్ము ఉంటుంది, పట్టుకోనిస్తుంది.
నేను వెళ్లినప్పుడల్లా దాన్నే పట్టుకుంటాను.
అవును, నేనూ వెళ్తాను.
సంచిలో ఆ ఏడు గళ్ల డబ్బా ఎవరిదనుకున్నావు?
తెల్లబిళ్ల, పొద్దున్నే, రెండేళ్లుగా.
అది సంతోషం ఇవ్వదురా,
చెంచా కడిగేంత ఇస్తుంది.
చెంచా అయ్యాక చెయ్యి గిన్నె వైపు పోతుంది, అంతే.
నీకు బిళ్లలు కావాలో వద్దో నాకు తెలియదు.
మొదటి రోజే వాళ్లూ చెప్పరు. ముందు వింటారు.
నీకు చెప్పాలని లేకపోతే, చెప్పాలని లేదని చెప్పు.

ఇదిగో సొరంగం.
ఇప్పుడు నెత్తి మీద సముద్రం,
మీ తాత అమ్మేసిన పడవ కూడా పైన పోతుండొచ్చు.
గోడలు చూడు, నీళ్లు కారుతున్నాయి.
కొత్తలో వణికాను, సరిగా కట్టలేదేమోనని.
ఎలా కట్టినా కారుతుందట.
పంపులు తోడుతుంటాయి పగలూ రాత్రీ,
వాటిని కనిపెట్టుకుని జీతానికి ఒక మనిషి.

"పంపు ఆగిపోతే నానమ్మా?"

వారంలో నువ్వు నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది.
నాకు తెలీదు. ఇంకో పంపు ఉండే ఉంటుంది.
వచ్చేటప్పుడు ఆగి కనుక్కుందాం.

ఎత్తు మొదలైంది, గేరు మార్చాలి.
చెయ్యి తియ్యి.
వద్దులే, ఉంచు,
ఇద్దరం మారుద్దాం.